బస్సొస్తే ఎవరొస్తారు?

(వాడ కమిటీల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం విని పొద్దున టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నవ్వాడు. "మెట్రోలకీ రైళ్ళకీ ఇళ్ళ యజమానులు ఎందుకు అడ్డం పడతారు అనేదా నువ్వు చెప్పేది? అబ్బాయ్, మనకి ఇళ్ళే సరిగా లేవు. మన ఊరికి మెట్రో రాదు. ఈ గోల మనకెందుకు?" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే నేను మా ఊరి బస్సు దగ్గర మొదలుపెట్టాలి. అక్కణ్ణించి అమెరికా పోయి, ఢిల్లీ, హైదరాబాదు మీదుగా మళ్ళీ మా వాడకే వస్తాను. చివర్లో నా మీద నేనే ఒక ఫిర్యాదు కూడా చేసుకోవాల్సి ఉంది. ఓపిగ్గా వినండి.

మా ఊరి బస్సు

మాది సాగర్ కాలవ కింద ఊరు. 1980ల్లో మా ఊరికి రోజుకి మూడు ట్రిప్పులు బస్సు వచ్చేది. టౌను నుంచి వచ్చి రామాలయం దగ్గర ఆగేది. అక్కడే తిప్పుకుని వెళ్ళిపోయేది. రోడ్డు మాత్రం అక్కడ ఆగిపోదు. రామాలయం దాటి, ఆసాముల వీధిలోంచి ఇంకో అరకిలోమీటరు మా వాడ దాకా వస్తుంది. వాడ చివర, చెరువు కట్ట కింద, బస్సు తిరగడానికి కావలసినంత పోరంబోకు జాగా కూడా ఉంది. 1986లో మావాళ్ళు బస్సు వాడ దాకా రావాలని డిపోకి అర్జీ పెట్టారు. డిపో నుంచి ఒకాయన వచ్చి చూసిపోయాడు. రోడ్డు బాగానే ఉందన్నాడు. సరే అన్నాడు.

అప్పుడు లేచాయి అభ్యంతరాలు. ఆ వీధిలో ఇళ్ళున్న ఆసాములంతా కలిసి పంచాయతీ ఆఫీసుకి పోయి కాగితం ఇచ్చారు. ఏమని? బస్సు అదురుకి గోడలు బీటలు వారతాయి. పిల్లలు ఆడుకునే వీధి, ఎవరికన్నా తగిలితే పూచీ ఎవరిది? దుమ్ము లేస్తుంది. పాడి గేదెలు బెదురుతాయి. అన్నీ వినడానికి బాగానే ఉన్నాయి. కాగితం మొత్తం మీద మాల అన్న మాట లేదు, మాదిగ అన్న మాట లేదు. మరి అదే వీధిలోంచి ధాన్యం లారీలు పోతాయి, పత్తి లారీలు పోతాయి. లారీ అదురుకి బీటలు వారని గోడ బస్సు అదురుకి ఎందుకు వారుతుంది?

అసలు సంగతి మా పెదనాన్నకి తెలిసింది. ఆయన వాళ్ళలో ఒక ఆసామి దగ్గర పాలేరు. పొలం గట్టు మీద ఆ ఆసామే నోరు జారాడంట. "ఏరా, బస్సు మీ వాడలో బయల్దేరితే సీట్లన్నీ మీరే పట్టుకుని వస్తారు గదా! రామాలయం దగ్గర మా ఆడవాళ్ళు ఎక్కేసరికి మీవాళ్ళు కూర్చుని ఉంటారు, మావాళ్ళు నిలబడాలా?"

అదీ సంగతి. గోడ కాదు, గేదె కాదు, దుమ్ము కాదు. మనం కూర్చుని ఉండగా వాళ్ళు నిలబడాల్సి రావడం. ఆ ఒక్క మాట కాగితం మీద రాయలేరు గనక మిగతావన్నీ రాశారు.

ఆ కాగితం దెబ్బకి ఎనిమిదేళ్ళు బస్సు రాలేదు. మా నాయనకి క్షయ. నెలకోసారి మందులకి టౌను ఆసుపత్రికి పోవాలి. దగ్గుకుంటూ, ఆగుకుంటూ, ఆ అరకిలోమీటరు నడిచి రామాలయం దాకా పోయేవాడు. అక్కడ అరుగు ఉంది, కానీ దాని మీద కూర్చోడానికి మనకి లేదు. బస్సు వచ్చేదాకా వేపచెట్టు పట్టుకుని నిలబడేవాడు. ఎవరూ ఆయన్ని తిట్టలేదు, కొట్టలేదు. పోలీసు కేసు పెట్టడానికి అందులో ఏమీ లేదు. ఒక బస్సు అరకిలోమీటరు ముందే ఆగిపోయింది, అంతే.

1929

బండికీ కులానికీ ఉన్న ఈ సంబంధం కొత్తది కాదు. 1929లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మహారాష్ట్రలో చాళీస్‌గావ్ స్టేషన్‌లో దిగాడు. అప్పటికే ఆయన బారిస్టరు, లండన్‌లో డాక్టరేటు తీసుకున్న మనిషి. అక్కడి మహర్‌వాడ వాళ్ళు ఆయన్ని ఇంటికి తీసుకుపోవాలనుకున్నారు. ఒక్క టాంగావాడు కూడా ఆయన్ని ఎక్కించుకుని తోలడానికి ఒప్పుకోలేదు. చివరికి రాజీ ఏమిటంటే, టాంగా అద్దెకిస్తాం గాని మేం తోలం అన్నారు. మహర్‌వాడ వాళ్ళే తోలడం రాని తమవాడి చేతికి పగ్గాలిచ్చారు. దారిలో కల్వర్టు దగ్గర చక్రం తగులుకుని బాబాసాహెబ్ ఎగిరి రాళ్ళ మీద పడ్డాడు. కాలు విరిగింది. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు.

అదే 1929 జనవరిలో అమెరికాలో అట్లాంటా అనే నగరంలో, ఆబర్న్ అవెన్యూ అనే వీధిలో మార్టిన్ లూథర్ కింగ్ పుట్టాడు. నల్లవాళ్ళు బస్సులో వెనక కూర్చోవాలి, తెల్లవాడొస్తే లేవాలి అనే పద్ధతి మీద 1955 డిసెంబరులో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో పోరాటం మొదలైంది. 381 రోజులు నల్లవాళ్ళు బస్సు ఎక్కలేదు. నడిచారు, ఒకరి కారు ఒకరు పంచుకున్నారు. సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచారు.

ఈ కథ మనలో చాలామందికి తెలుసు. సభల్లో చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. ఆ తర్వాత ఏమైందో మాత్రం మనం చెప్పుకోం. బస్సులో సీటు ఆపడానికి చట్టం ఒప్పుకోనప్పుడు, వాళ్ళు ఆ బస్సు తమ పేటకి రాకుండానే ఆపారు. మా ఊరి ఆసాములు చేసిన పని ఇదే. కింగ్ పుట్టిన అట్లాంటాలో ఈ పని ఓట్లు వేసి మరీ చేశారు.

అట్లాంటాలో ఏం జరిగింది

ముందు గోడ సంగతి. 1962 డిసెంబరులో అట్లాంటాలో పేటన్ రోడ్డు అనే దారికి అడ్డంగా నగర పాలక సంస్థే కంచెలు కట్టించింది. ఎందుకంటే ఆ దారెంట నల్లవాళ్ళు వచ్చి తెల్లవాళ్ళ పేటలో ఇళ్ళు కొంటున్నారు. అక్కడి తెల్ల యజమానులు భయపడ్డారు. మేయరు వాళ్ళ మాట విన్నాడు. కోర్టు కొట్టేస్తే 1963లో ఆ కంచె తీసేశారు. వింటుంటే మీకు తమిళనాడు ఉతపురం గుర్తు రావడం లేదా? మధురై జిల్లాలో దళితవాడకీ ఊరికీ మధ్య కట్టిన ఆ గోడలో ఒక భాగాన్ని 2008 మే నెలలో కూలగొట్టించారు. అక్కడి దళితులు అడిగిన వాటిలో బస్సు షెల్టరు కూడా ఒకటని మరిచిపోవద్దు.

గోడ కంటికి కనపడుతుంది. కోర్టుకి పోయి కొట్టించవచ్చు. రాని బస్సు కంటికి కనపడదు.

1965లో అట్లాంటా చుట్టుపక్కల జిల్లాలన్నీ కలిపి రైళ్ళూ బస్సులూ నడపడానికి మార్టా అనే సంస్థను పెట్టారు. అక్కడ జిల్లాని కౌంటీ అంటారు. ఏ కౌంటీ చేరాలో ఆ కౌంటీ జనం ఓటేసి చెప్పాలి. కాబ్ కౌంటీ 1965లోనే వద్దంది. 1971లో అసలైన ఓటింగు జరిగింది. ప్రతి కొనుగోలు మీదా నూటికి ఒక వంతు పన్ను కట్టి ఈ రైళ్ళు నడుపుకుందామా వద్దా అని. ఫుల్టన్, డికాబ్ కౌంటీలు సరే అన్నాయి. క్లేటన్, గ్విన్నెట్ కౌంటీలు వద్దన్నాయి. వద్దన్నవి అప్పట్లో తెల్లవాళ్ళు నగరం వదిలి పోయి ఇళ్ళు కట్టుకుంటున్న శివార్లు. 1979లో రైలు మొదలైంది. కానీ ఆ శివార్లలోకి పోలేదు.

వాళ్ళు చెప్పిన కారణాలు ఏమిటి? పన్ను భారం. రైలెక్కి దొంగలొస్తారు. ఇళ్ళ విలువ పడిపోతుంది. పేట ప్రశాంతత చెడుతుంది. మా ఊరి ఆసాముల కాగితంలాగే ఎక్కడా నల్లవాడు అన్న మాట లేదు. కానీ ఆ సంస్థ పేరులోని అక్షరాలకి తెల్లవాళ్ళు ఒక వెటకారపు అర్థం కట్టి నవ్వుకునేవాళ్ళు. ఆఫ్రికా వాళ్ళని అట్లాంటా గుండా గబగబా మోసుకుపోయేది అని. కాగితంలో రాయనిది వెటకారంలో బయటపడింది. మా ఆసామి పొలం గట్టు మీద నోరు జారినట్టే.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పన్ను భారం అన్న ప్రతివాడూ జాతి ద్వేషి అని నేను అనను. పన్ను నిజంగానే భారం. సరుకుల మీద పన్ను పేదవాడికే ఎక్కువ భారం. కానీ రైలుకి పన్ను వద్దన్న ఆ శివార్లకి కార్లు పోవడానికి పెద్ద పెద్ద హైవేలు వేశారు. వాటికి ప్రజల డబ్బే పెట్టారు. కారు వాడి రోడ్డు భారం కాలేదు, కారు లేనివాడి రైలు భారమైంది.

దాని ఫలితం ఏమిటి? క్రమంగా ఆఫీసులూ, దుకాణాలూ, గోడౌన్లూ శివార్లకి పోయాయి. పని అక్కడ, కారు లేని నల్ల కూలీలు ఇక్కడ. మధ్యలో రైలు లేదు. ఎవరూ వాళ్ళని పనిలోకి రావద్దనలేదు. వచ్చే దారి లేకుండా చేశారు.

ఈ కథలో కార్యకర్తలుగా మనం నేర్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. 1968లో ఇదే మార్టా పథకం ఓటుకొచ్చినప్పుడు నల్లవాళ్ళు కూడా వద్దన్నారు. ఎందుకంటే ఆ పథకం తయారుచేసేటప్పుడు వాళ్ళని ఎవరూ అడగలేదు. రైలు తెల్ల ఉద్యోగుల్ని ఆఫీసులకి చేర్చడానికే గాని నల్లవాడలకి దాని వల్ల ఒరిగేది తక్కువ. ఆ పథకం ఓడిపోయింది. అప్పుడు పాలకులు దిగొచ్చి మాట్లాడారు. 1971 నాటికి నల్లవాళ్ళు షరతులు పెట్టి ఒప్పుకున్నారు. టిక్కెట్టు 40 సెంట్ల నుంచి 15 సెంట్లకి తగ్గించాలి, మా వాడలకి లైను రావాలి, ఉద్యోగాల్లో మావాళ్ళుండాలి అన్నారు. టిక్కెట్టు 15 సెంట్లయింది, ఏళ్ళ తరబడి అంతే ఉంచారు. పెర్రీ హోమ్స్ అనే పేదల కాలనీ దాకా వేస్తామన్న లైను మాత్రం 1992లో బ్యాంక్‌హెడ్ స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయింది. కాలనీకి చేరలేదు. తర్వాత ఆ కాలనీనే కూలగొట్టారు. సగం గెలిచారు, సగం మోసపోయారు. అయినా, మమ్మల్ని అడగకుండా వేసే రైలు మాకొద్దు అని చెప్పగలిగారు గనకే ఆ సగమన్నా దక్కింది.

ఇక 1971లో వద్దన్న క్లేటన్ కౌంటీ సంగతి. కాలం మారింది, జనం మారారు. అది నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న కౌంటీ అయింది. 2010లో డబ్బుల్లేవని అక్కడున్న కాసిని లోకల్ బస్సులు కూడా ఆపేశారు. జనం నానా పాట్లు పడ్డారు. 2014లో మళ్ళీ ఓటింగు పెడితే నాలుగింట మూడొంతుల మంది దాకా మార్టాలో చేరదామన్నారు. 2015లో బస్సులొచ్చాయి. తాతలు మూసిన తలుపు తెరవడానికి 43 ఏళ్ళు పట్టింది. గ్విన్నెట్ కౌంటీలో 1990లో వద్దన్నారు, 2019లో వద్దన్నారు, 2020లో సుమారు వెయ్యి ఓట్ల తేడాతో ఓడింది, 2024లో మళ్ళీ వద్దన్నారు.

ఆ గ్విన్నెట్‌లో, ఆ చుట్టుపక్కల కౌంటీల్లో మన తెలుగువాళ్ళు వేలమంది ఇళ్ళు కొనుక్కుని ఉన్నారు. మా వాడలోంచి పోయిన ఒక తమ్ముడు కూడా ఉన్నాడు. మొన్న ఫోన్లో అన్నాడు, "అన్నా, ఇక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. మొన్న కారు చెడిపోతే మూడు రోజులు ఇంట్లో కూర్చున్నా." మీ ఇళ్ళల్లోంచి కూడా పోయినవాళ్ళుంటారు. పండక్కి ఫోన్ చేసినప్పుడు అడగండి, మీ పేటలోకి బస్సొస్తుందా, రాకపోతే ఎవరు వద్దన్నారు అని.

అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా

అమెరికా దూరమనుకుంటే ఢిల్లీ చూద్దాం. 2008లో దక్షిణ ఢిల్లీలో రోడ్డు మధ్యలో బస్సులకి ప్రత్యేకంగా దారి కేటాయించారు. సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ వేరే దారులు పెట్టారు. అది ఎక్కణ్ణించి ఎక్కడికి? అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా, 5.8 కిలోమీటర్లు. అంబేడ్కర్ నగర్ అసెంబ్లీకి ఎస్సీ రిజర్వుడు స్థానం. అక్కడి కాలనీల్లో చాలామంది 1970ల్లో నగరం లోపలి మురికివాడల నుంచి లేపి తెచ్చి పడేసినవాళ్ళు. ఇళ్ళల్లో పని చేసే ఆడవాళ్ళూ, వాచ్‌మన్లూ, కూలీలూ. మూల్‌చంద్ వైపు పోతూ ఉంటే బంగళాల కాలనీలు, పెద్దవాళ్ళ ఇళ్ళు.

గొడవ మొదలైంది. కార్లు సిగ్నల్ దగ్గర ఆగిపోతున్నాయి, పక్కన బస్సు మాత్రం దూసుకుపోతోంది. కారులో ఉన్నవాడు ఆగి, బస్సులో పనిమనిషి ముందు పోవడమేమిటి? మళ్ళీ అదే సీటు సమస్య. కాలనీల సంఘాలు, కార్ల వాళ్ళు, పేపర్లు, టీవీలు అన్నీ ఒక్కటై ఎత్తుకున్నాయి. 2012లో కేసు హైకోర్టుకి పోయింది. కార్లవాళ్ళు దేశానికి సంపద సృష్టించేవాళ్ళు, వాళ్ళ సమయం విలువైనది అనే వాదన కోర్టు దాకా వచ్చింది. అంటే అంట్లు తోమే తల్లి సమయానికి విలువ లేదన్నమాట! 2012 అక్టోబరులో హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. బస్సు దారి ఉండాల్సిందే అంది. కోర్టులో గెలిచాం గదా అనుకుంటే పొరపాటు. 2016లో ప్రభుత్వమే ఆ బస్సు దారిని తవ్వి పారేసింది.

ఆ దారి కట్టడంలో లోపాలు లేవని కాదు. బస్సులు చాలినన్ని లేవు, కూడళ్ళ దగ్గర ఇబ్బంది ఉంది. లోపం ఉంటే బాగుచెయ్యాలి. కార్లవాళ్ళ ఫ్లైఓవర్‌లో లోపం ఉంటే రిపేరు చేస్తారు. అంబేడ్కర్ నగర్ బస్సు దారిలో లోపం ఉంటే పీకేస్తారు.

అన్ని అభ్యంతరాలూ ఒకటి కాదు

ఇక్కడ జాగ్రత్తగా వినండి. రైలుకి అడ్డం చెప్పే ప్రతి ఇంటివాడూ మన శత్రువు అని చెప్పి నేను పోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. అభ్యంతరాలు రెండు రకాలు. ఒకటి, నా ఇల్లు పోతుంది అనేది. రెండోది, నా ఇంటి పక్కకి నువ్వొస్తావు అనేది. మొదటిదాంట్లో మనిషి గూడు పోతుంది. రెండోదాంట్లో ఒక్క ఇటుక కూడా కదలదు. కానీ ఎక్కడైనా చూడండి, రెండో రకం అభ్యంతరానికి ఆఫీసర్లు లేచి నిలబడతారు. మొదటి రకం అభ్యంతరం మీదికి బుల్డోజరు పంపుతారు.

కింగ్ పుట్టిన ఆబర్న్ అవెన్యూ నల్లవాళ్ళ దుకాణాలకీ, బ్యాంకులకీ, చర్చిలకీ పేరుపడ్డ వీధి. హైవే వేసేటప్పుడు ఆ వీధిని నిలువునా కోసుకుంటూ పోయారు. వాళ్ళ ఇళ్ళు పోయాయి. వాళ్ళ అభ్యంతరం ఎవరూ వినలేదు. శివార్లలో ఇటుక కూడా కదలనివాళ్ళ మాట యాభై ఏళ్ళ పైన చెల్లింది.

మన హైదరాబాదు చూడండి. మెట్రో 2017 నవంబరులో మొదలై 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయింది. పాతబస్తీ ముక్క మాత్రం ఆగిపోయింది. దారిలో ఇళ్ళున్నాయి, దుకాణాలున్నాయి, మసీదులూ గుళ్ళూ ఉన్నాయి. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. పోయే ఆస్తులకి చదరపు గజానికి 81 వేల రూపాయలు ఇస్తామన్నారు. ఇల్లు పోయేవాడు అడ్డం చెప్పడంలో తప్పు లేదు, అది మొదటి రకం. అదే సమయంలో అన్నేళ్ళు రైలు రాక నష్టపోయిందీ పాతబస్తీ కూలీలే, ముస్లిం పేదలే. మరి గజానికి ఇన్ని వేలు అంటే ఎవరికి? గజాలు ఉన్నవాడికి. ఆ ఇంట్లో కిరాయికున్నవాడికో? అరుగు మీద చెప్పులు కుట్టేవాడికో? ఈ ప్రశ్న మన ప్రశ్న.

ఎందుకంటే మెట్రో మన ఊరికి రాకపోయినా బైపాస్ రోడ్డు వస్తుంది, రైల్వే లైను వస్తుంది. అవి ఎప్పుడూ వాడ పక్క నుంచే గీస్తారు. మన ఇళ్ళు పోరంబోకులో ఉంటాయి, మన భూములు అసైన్డు భూములు. కాగితం లేదంటారు, లేదా ప్రభుత్వం ఇచ్చింది ప్రభుత్వం తీసుకుంటుందంటారు. ఆ మాటలకి తల ఊపొద్దు. అసైన్డు భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని చేవెళ్ల డివిజన్ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2004లోనే చెప్పింది. 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే భూమి ఉన్నవాడొక్కడే కాదు. మూడేళ్ళుగా ఆ భూమి మీద బతుకుతున్న కౌలుదారు, కూలీ, చేతిపనివాడు కూడా. 2015 నుంచి రైల్వే, మెట్రో, జాతీయ రహదారి చట్టాల కింద తీసుకునే భూములకి కూడా ఆ చట్టం ప్రకారమే నష్టపరిహారం, పునరావాసం ఇవ్వాలి. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇంటి పన్ను రసీదు - మూడేళ్ళు ఇక్కడే ఉన్నామని చెప్పే ప్రతి కాగితమూ దాచిపెట్టుకోండి.

నా మీద నా ఫిర్యాదు

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకొస్తాను. ఎనిమిదేళ్ళ తర్వాత, 1994లో, మా వాడకి బస్సొచ్చింది. ఊరికే రాలేదు. మా ఆడవాళ్ళు రెండు రోజులు రామాలయం ముందు బస్సుకి అడ్డంగా కూర్చున్నారు. మొదటి బస్సు చెరువు కట్ట కింద తిరిగిన రోజు వాడంతా డప్పులు కొట్టుకున్నాం. మా నాయన ఆ డప్పు వినడానికి లేడు.

పదేళ్ళు పోయాయి. వాడలో పక్కా ఇళ్ళొచ్చాయి. రోడ్డు పక్క వరుసలో కాస్త చదువుకుని ఉద్యోగాలొచ్చిన మాబోటివాళ్ళం డాబాలు కట్టుకున్నాం. అప్పుడు పంచాయతీ వాళ్ళు వాడలో బస్సు షెల్టరు కడతామన్నారు. రోడ్డు వరుసలో మధ్యన, అందరికీ అందుబాటులో. మా వాడ వెనక కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలున్నాయి, వాళ్ళకీ దగ్గరే.

రోడ్డు వరుస ఇళ్ళవాళ్ళు కాగితం రాశారు. షెల్టరు ఇక్కడ కడితే తాగుబోతులు పడుకుంటారు, చెత్త పేరుకుంటుంది, ఇళ్ళకి గాలి రాదు అని. యానాది అన్న మాట కాగితంలో లేదు. కానీ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని అనుకున్నది నేను చెవులారా విన్నాను. "ఆ ఎలుకలు పట్టేవాళ్ళంతా వచ్చి మన గుమ్మాల ముందు కూర్చుంటారు గదా!"

ఆ కాగితం కింద నా సంతకం ఉంది.

షెల్టరు ఊరి బయట, ఎవరికీ అక్కరకు రానిచోట కట్టారు. దాంట్లో ఇప్పుడు గడ్డివాము ఉంది. ఒకరోజు వానలో యానాది తల్లి ఒకామె జ్వరంతో ఉన్న బిడ్డనెత్తుకుని మా గోడ పక్కన, చూరు కింద, బస్సు కోసం నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. "ఇక్కడే ఉంటాలే అయ్యా" అంది. వేపచెట్టు పట్టుకుని నిలబడ్డ మా నాయన కనపడ్డాడు నాకు. రామాలయం అరుగు ఇప్పుడు మా ఇంటికి వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఇల్లు అనేది మనిషిని మార్చేస్తుంది. గుడిసెలో ఉన్నప్పుడు బస్సు కావాలంటాం, డాబా వచ్చాక బస్సు దూరంగా ఆగాలంటాం. బాబాసాహెబ్ చెప్పిన మెట్ల మెట్ల అసమానత అంటే ఇదే. ప్రతి మెట్టు మీదా ఒక కాగితం, ప్రతి కాగితంలో గోడలు, దుమ్ము, చెత్త. అట్లాంటా తెల్లవాణ్ణీ ఢిల్లీ కారువాణ్ణీ తిట్టడం తేలిక. మన సంతకం వెతుక్కోవడం కష్టం.

ఏం చేద్దాం

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. కానీ బస్సే రాని వాడకి ఉచిత టిక్కెట్టు ఏం చేసుకోను? ఇంకో సంగతి గమనించారా? ఉచితం వచ్చిన దగ్గర్నుంచీ, డబ్బులిచ్చి ఎక్కే మేం నిలబడుతున్నాం, వీళ్ళు కూర్చుంటున్నారు అనే మాట వినపడుతోంది. బస్సులు పెంచండి అని అడగాల్సిన నోరు, వీళ్ళు ఎందుకు ఎక్కుతున్నారని అడుగుతోంది. మా ఆసామి మాట ఇంకా బతికే ఉంది.

అందుకని ఇక్కణ్ణించి పోయాక ప్రతి వాడ కమిటీ ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో బస్సు ఎక్కడ ఆగుతుంది, వాడకి ఎంత దూరం, షెల్టరు ఎవరి ఇంటి ముందుంది, అందులో ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు - ఇవి ఒక కాగితం మీద రాయండి. రోడ్డు గాని లైను గాని వస్తోందంటే గీత గీయకముందే వెళ్ళి అడగండి, గీశాక కాదు. ఎవరన్నా అభ్యంతరం తెస్తే కాగితం చదివి ఊరుకోవద్దు. ఈ అభ్యంతరంలో ఎవరి ఇల్లు పోతోంది అని అడగండి. ఇల్లు పోయేది ఉంటే, వాడు ఏ కులం వాడైనా, న్యాయమైన పరిహారం కోసం వాడి పక్కన నిలబడండి. ఎవరి ఇల్లూ పోకపోతే, మరి ఎవరొస్తారని నీ భయం అని సూటిగా అడగండి.

మా ఊళ్ళో షెల్టరు రోడ్డు వరుసకి మార్చమని మొన్న నెలలో కొత్త అర్జీ పెట్టాం. కాలవ గట్టు వాళ్ళ వేలిముద్రలు పైన ఉన్నాయి, నా సంతకం కింద ఉంది. స్థలం ఎక్కడంటే మా ఇంటి ముందరే. మా ఇంట్లో దీని మీద ఇంకా గొడవ జరుగుతూనే ఉంది. జరగనివ్వండి.

పొద్దున నవ్విన పెద్దాయనకి నా జవాబు ఇదే. మెట్రో మన ఊరికి రాకపోవచ్చు పెదనాన్నా, మెట్రోని ఆపే బుద్ధి మాత్రం మన ఊళ్ళో ఎప్పణ్ణించో ఉంది. దాన్ని ఇక్కడే పట్టుకోవాలి.

జై భీమ్.